తోట పేరు మీద గీత

ముందే చెప్పేస్తున్నాను, తప్పు నాది. చివరిదాకా దాచి అప్పుడు గుట్టు విప్పే ఓపిక నాకు లేదు. దాస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను, అది చాలు.

నా పేరు మాకరెత. ఓపోతికి అనే పట్నం దాటి తూర్పు తీరం వెంట గంట ప్రయాణం చేస్తే మా ఊరు వస్తుంది. పెద్దవీధి చివర, మందుల షాపు పక్కన, బోర్డులు రాసే దుకాణం నాది. పడవల మీద పేర్లు, చేపల కొట్టు బోర్డు, రగ్బీ క్లబ్బు గోడ, బడి బస్సు, అన్నీ నలభై ఏళ్లుగా నా చేతి రాతే. ఇప్పుడు కంప్యూటరు, స్టిక్కర్లు కోసే మిషను కూడా పెట్టుకున్నాను. ఊళ్లో అందరూ నన్ను ఆంటీ మాక్ అంటారు. నా నోటి ధాటికి నా వెనకాల ఇంకేమంటారో అడగను.

మా మావోరీ భాషను ఇంగ్లిషు అక్షరాలతోనే రాస్తాం. దీర్ఘం పలకాలంటే అక్షరం నెత్తిన చిన్న అడ్డగీత పెట్టాలి. గీత ఉంటే ఒక మాట, లేకపోతే పూర్తిగా ఇంకో మాట. వీధి బోర్డుల మీద గీతలు లేవని ఊరి ఆఫీసుకి ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయి, మూడేళ్ల కిందట ఒక ఆదివారం నిచ్చెన వేసుకుని తెల్ల రంగుతో నేనే గీసి వచ్చాను. పోలీసు కుర్రాడు వచ్చి నిచ్చెన జారకుండా పట్టుకున్నాడు, వాడి తాత పేరున్న వీధి కూడా అందులో ఉంది మరి. గీతల విషయంలో నేను అంత మొండిదాన్ని. అందుకే ఈ కథ చెప్పుకోవడానికి నాకు సిగ్గు.

హిరియా నా దుకాణానికి వచ్చింది ఒక గురువారం. నలభై దాటిన మనిషి. తల్లిది మా ఊరే, కానీ ఈమె పుట్టి పెరిగింది దూరంగా క్రైస్ట్‌చర్చ్‌లో. తల్లి బిడ్డకి ఒక్క మాట కూడా మా భాష నేర్పలేదు. ఆ కాలంలో చాలామంది అలాగే చేశారు, పిల్లలు బాగుపడతారని. తల్లి పోయాక రెండేళ్ల కిందట హిరియా ఇక్కడికి వచ్చి, తల్లికి పిన్ని అయ్యే నాన్ తిరిపా దగ్గర ఉండిపోయింది. అమ్మమ్మ వయసువాళ్లని మేం నాన్ అంటాం. కివీ పళ్లు పెట్టెల్లో సర్దే షెడ్డులో పని. ప్రతి మంగళవారం సాయంత్రం మా కూటం ఇల్లు, అదే మరాయెలో భాష క్లాసుకి వస్తుంది. రెండేళ్లూ చివరి వరసలో కూర్చుని అన్నీ రాసుకుంది తప్ప నలుగురిలో నోరు విప్పలేదు. క్లాసు ముగిసే రోజున ఒక్కొక్కరూ లేచి నిలబడి తమ కొండ పేరు, నది పేరు, పెద్దల పేర్లు చెప్పి, మాట్లాడి కూర్చోవాలి. ఈసారి తను కూడా లేస్తానని పేరు ఇచ్చింది.

"ఆంటీ, డబ్బా మూతల మీద పేరు కావాలి. రెండొందలు," అంది, బల్ల మీద చిన్న రేకు డబ్బా పెట్టి.

లోపల ఆకుపచ్చటి పూత మందు. నాన్ తిరిపా తోటలో కవకవ ఆకులు కోసి, నూనెలో కాచి, తేనె మైనం కలిపి చేసింది. పురుగు తిని చిల్లులు పడిన ఆకులే కోయాలంటుంది నాన్. ఏ ఆకులో మందు ఉందో మనకంటే పురుగుకే బాగా తెలుసునట. కొంచెం తీసి మోకాలికి రాసుకున్నాను. మంచి సరుకు.

"పేరేంటి?"

ఒక కాగితం ఇచ్చింది. 'మార' అని రాసి ఉంది. మార అంటే తోట.

"నాన్ తోట కదా, అందుకని," అంది చిన్నగా. "బయటివాళ్లకి చూపించబోయే నా మొదటి మావోరీ మాట ఇదే ఆంటీ. బాగుండాలి."

ఏ అక్షరాలు పెట్టాలన్న దగ్గర మాకు గొడవైంది. ఫాంటు ఎంచుకోవడానికి నాకు కొన్ని పద్ధతులు ఉన్నాయి. వరసగా అక్షరమాల చూసి ఎంచుకోకూడదు, రాయాల్సిన పేరునే అందులో రాసి చూడాలి. చెయ్యి చాపి పట్టుకుంటే చదవగలగాలి. సరుకు కంటే అక్షరం ఎక్కువ అరవకూడదు. అన్నిటికంటే ముందు, దీర్ఘాల గీత ఆ ఫాంటులో ఉందో లేదో చూడాలి. లేకపోతే అక్కడే వదిలెయ్యాలి, ఎంత అందంగా ఉన్నా సరే.

నేను నిటారుగా, నిండుగా ఉన్న అక్షరాలు చూపించాను. నా చేతి రాత నుంచే కంప్యూటరులోకి ఎక్కించుకున్నవి. హిరియా తల ఒక పక్కకి వంచి చూసింది.

"బాగున్నాయి ఆంటీ. కాకపోతే మందుల షాపు బోర్డులా ఉన్నాయి."

"మందుల షాపు బోర్డు రాసింది నేనే."

"అదే అంటున్నా."

ఒళ్లు మండింది. తను ఫోన్ తీసి ఇంకో ఫాంటు చూపించింది. ప్రతి అక్షరం చివరా తీగ మెలి తిరిగి, మొలక వేసినట్టుంది.

"ఇది పెళ్లి కార్డుకి బాగుంటుంది," అన్నాను.

"తోటకి కూడా బాగుంటుంది కదా ఆంటీ."

బాగుంటుంది. నిజం చెప్పాలంటే చూడగానే నాకు తెలిసింది అదే సరైనదని. ఆ చిన్న మూత మీద ఆ తీగలు ఒదిగిపోయాయి, నా అక్షరాలు అటెన్షన్‌లో నిలబడ్డ పోలీసుల్లా ఉన్నాయి. నలభై ఏళ్ల చేతికి రాని ఊహ షెడ్డులో పళ్లు సర్దే మనిషికి వచ్చేసరికి నాకు ఉక్రోషం వచ్చింది. "సరే తల్లీ, డబ్బా నీది, ఇష్టం నీది," అని పంపేశాను.

తను వెళ్లాక ఫాంటు ఎక్కించి పేరు కొట్టాను. గీత ఉన్న 'ఆ' అక్షరం రావాల్సిన చోట ఖాళీ గడి ఒకటి వచ్చింది. ఆ ఫాంటు చేసినవాడికి మా దీర్ఘాల సంగతే తెలియదు. నా పద్ధతి ప్రకారం అక్కడే ఆపి, హిరియాని పిలిచి చెప్పాలి. లేదా రెండు నిమిషాలు కూర్చుని గీత నేనే గీసి అతికించాలి. అంతలో చేపల కొట్టు ముసలాయన పోయాడని ఫోన్ వచ్చింది. తర్వాత చూద్దాంలే అని ఖాళీ గడి చెరిపేసి, గీత లేని మామూలు అక్షరం పెట్టి, చావు ఇంటికి వెళ్లిపోయాను. మూడు రోజులు అక్కడే వంటలు, అంట్లు. తిరిగొచ్చి మిషను నొక్కేశాను. కోసేటప్పుడు రెండొందల సార్లు ఆ మాట నా కళ్ల ముందు నుంచే వెళ్లింది. భాష వచ్చినవాళ్ల కంటికి గీత లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. మతిమరుపు అని చెప్పుకోవచ్చు. కానీ ఆ రోజు నాకు ఉక్రోషం లేకపోయి ఉంటే ఆ రెండు నిమిషాలు కూర్చునేదాన్ని. అది నాకు తెలుసు.

ఇక దీర్ఘం లేని 'మర' అంటే ఏమిటంటే, పెద్ద సముద్రపు రొయ్యల్ని రోజుల తరబడి నీళ్లలో మురగబెట్టి తింటాం, ఆ మురగబెట్టడం. తింటే స్వర్గం. మూత తీస్తే వీధి ఖాళీ అవుతుంది.

శనివారం సంతలో హిరియా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, డబ్బాలు మూడు వరసలు పేర్చింది. నేను పేర్ల పలకలు అమ్ముకునే బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. నూనెలో రొట్టెలు వేయించి అమ్మే కుయినీ ముందుగా వచ్చింది. కుయినీ, నేను ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నా నోరు కత్తెరైతే దానిది గొడ్డలి. ఒక డబ్బా ఎత్తి, కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

"అమ్మాయ్, మూత మాత్రం తియ్యకు. ఆ వాసనకి నా రొట్టెలు ఎవరూ కొనరు."

హిరియాకి అర్థం కాలేదు. "ఏ వాసన ఆంటీ?"

"రొయ్యలమ్మా. మురగబెట్టావు కదా. ఎన్నాళ్లు నానేశావేంటి, ఇంత చిన్న డబ్బాలో పట్టించడానికి?" చుట్టూ ఉన్న నలుగురైదుగురు చూసి నవ్వారు. ఒకాయన డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని దగ్గినట్టు నటించాడు. "మోకాళ్లకి రాసుకోవాలా, అన్నంలో కలుపుకోవాలా?" అన్నాడు ఇంకొకడు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. మా ఊళ్లో ప్రేమ ఉంటేనే ఏడిపిస్తారు.

హిరియా మూత వైపు చూసింది. గీత లేదని అప్పుడు కనబడింది. మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రబడింది. నా వైపు తిరిగింది. నేను నోరు తెరిచేలోపే, "నేనే తప్పు రాసిచ్చుంటాను," అంది. "గీత మర్చిపోయుంటాను. నాకెప్పుడూ ఇంతే."

అప్పుడు చెప్పాల్సింది. కుయినీ ముందు, అంతమంది ముందు, వీధి బోర్డులకి గీతలు గీసిన ఆంటీ మాక్ గీత మర్చిపోయిందని చెప్పాల్సింది. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "పోన్లే, అందరికీ జరుగుతూనే ఉంటుంది."

ఛీ.

హిరియా పది నిమిషాల్లో డబ్బాలన్నీ అట్టపెట్టెలో వేసుకుని వెళ్లిపోయింది. నేను దుకాణానికి వచ్చి మేకుకి గుచ్చిన ఆర్డరు కాగితాల్లో తనది వెతికాను. గీత ఉంది. ఒకసారి పెట్టి, మళ్లీ దాని మీదే దిద్దింది, కాగితం వెనక్కి ఉబ్బేంత గట్టిగా. ఆ కాగితం తీసి సొరుగులో పడేసి మూసేశాను.

ఆ మంగళవారం హిరియా క్లాసుకి రాలేదు. పై మంగళవారం కూడా రాలేదు. లేచి మాట్లాడేవాళ్ల జాబితాలోంచి తన పేరు కొట్టేయమని మాస్టారికి కబురు పంపిందట. నేను రోజూ దుకాణం తెరిచి, రోజూ ఆ సొరుగు తెరవకుండా సాయంత్రం చేశాను. ఎవరైనా కనిపెడతారని భయం ఒకటి, ఎవరూ కనిపెట్టరేమోనని ఇంకో భయం.

కనిపెట్టింది నాన్ తిరిపా. ఎనభై ఆరేళ్ల మనిషి, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

"ఆ కాగితం మా పిల్ల నా ముందే రాసింది," అంది. "మా వంటింటి బల్ల మీద. గీత పెట్టింది. చాలలేదని మళ్లీ దిద్దింది. చిరిగిపోతుందే అన్నాను కూడా."

నేను నేలచూపులు చూశాను.

"దానికి చెప్పారా నాన్?"

"నేనెందుకు చెప్తాను? నోరు నీకు లేదా? ఊరంతా వినబడేంత ఉంది కదా."

తర్వాత గొంతు తగ్గించింది. "చూడు మాక్, నేను ఆ గీతలు పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ పెట్టలేదు. మాకు అవసరం లేకపోయింది. ఉగ్గుపాలతో వచ్చింది భాష. దానికి అలా రాలేదు. వాళ్లమ్మ ఇవ్వలేదు, వాళ్లమ్మని ఇవ్వనివ్వలేదు లోకం. నాకు ఈ కర్ర ఎలాగో దానికి ఆ గీత అలాగ. నువ్వు కర్ర లాగేసి, పడ్డాక దులిపి, అందరికీ జరుగుతుందిలే అన్నావు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్ ఓదార్చలేదు. లేచి, నా గల్లా పక్కనున్న పిప్పరమెంటు ఒకటి నోట్లో వేసుకుని వెళ్లిపోయింది.

అదే పూట వెళ్లాను. హిరియా వంటింట్లో సింకు ముందు నిలబడి, వేణ్నీళ్లలో డబ్బాలు నానబెట్టి చాకుతో స్టిక్కర్లు గీకుతోంది. నలభై దాకా గీకేసింది. వేళ్లు ముడతలు పడి ఉన్నాయి. నేను కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"తప్పు నువ్వు చెయ్యలేదు. నేను చేశాను. నీ ఫాంటులో గీత లేదు. నేను మామూలు అక్షరం పెట్టి, తర్వాత చూద్దామనుకుని మర్చిపోయాను. సంత రోజునే కాగితం చూశాను. చూసి దాచాను."

తను చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. ఆ గీత మీద వేలు పెట్టి తడిమింది.

"పదకొండు రోజులు," అంది. "పదకొండు రోజులు ఇదే ఆలోచించాను ఆంటీ. రాసేటప్పుడు పెట్టినట్టే గుర్తు. కానీ అందరూ నవ్వాక, నా గుర్తు తప్పయి ఉంటుందనుకున్నాను. ఎందుకో తెలుసా? మీకు తప్పొస్తే అక్షరం తప్పంటారు. నాకు తప్పొస్తే నేనే తప్పు."

సింకులోంచి ఒక డబ్బా తీసి గుడ్డతో తుడిచాను.

"కొత్తవి చేసిస్తాను," అన్నాను. "నీకు నచ్చిన ఏ ఫాంటులోనైనా."

"ఆ తీగల ఫాంటే కావాలి. గీతతో." నా కళ్లలోకి చూసింది. "అది వదులుకోను. నేను దాన్ని ఎంచుకోవడం తప్పు కాదు కదా."

"కాదు. చూసిన రోజే నాకు తెలుసు, అదే సరైనదని. అందుకే నాకు అంత కోపం వచ్చింది."

తను నవ్వలేదు. టీ ఇవ్వలేదు. గుమ్మం దాకా వచ్చి తలుపు మాత్రం మెల్లగా వేసింది.

శనివారం నా పలకల బల్ల పెట్టలేదు. హిరియాని రమ్మని బతిమాలుకుని, తన బల్ల పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. గీకేసిన నలభై డబ్బాలకి కొత్త స్టిక్కర్లు వేశాను. మిగిలిన నూట అరవై మూతల మీద సన్న కుంచెతో ఒక్కో గీత గీయడం మొదలుపెట్టాను. ఉత్త అడ్డగీత కాదు, ఆ తీగలకి తగ్గట్టు ఒక చివర సన్నగా మెలి తిరిగేలా. ఆగినవాళ్లందరికీ చెప్పాను.

"ఏం చేస్తున్నావ్ మాక్?"

"నేను చేసిన తప్పు దిద్దుతున్నాను. ఈ పిల్ల సరిగ్గానే రాసిచ్చింది, నేనే గీత తినేశాను."

ఇరవై మందికి చెప్పాక ఇరవై ఒకటో మనిషికి చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు. కుయినీ రెండు రొట్టెలు పట్టుకుని వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మొత్తం వింది.

"అంటే నిచ్చెనెక్కింది నువ్వు, జారిపడింది ఈ పిల్లా?"

"అవును."

"మరి ఆ రోజు అంతసేపు నేను ఏడిపిస్తుంటే మట్టిబుర్రలా కూర్చున్నావే."

"కూర్చున్నాను."

కుయినీ హిరియా వైపు తిరిగింది. "అమ్మాయ్, నా జోకులన్నీ వెనక్కి తీసుకుంటున్నా. ఇకనుంచి అవన్నీ దీనికి." ఒక రొట్టె హిరియాకి ఇచ్చింది. రెండోది నాకేమోనని చెయ్యి చాపాను. తనే కొరుక్కుంటూ వెళ్లిపోయింది. హిరియా మొహం పక్కకి తిప్పుకుంది, కానీ భుజాలు కదలడం చూశాను. ఆ పూట డెబ్బై డబ్బాలు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత నెల రోజులు సంతలో నా పేరు రొయ్య.

ఆఖరి మంగళవారం మరాయె నిండిపోయింది. హిరియా వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. నేను కూడా అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. తను నాన్ తిరిపాని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మళ్లీ ఆ చివరి వరసలోనే కూర్చుంది. జాబితాలో ఉన్న ఎనిమిదిమందీ లేచి మాట్లాడారు. మాస్టారు కాగితం మడిచేశాడు. అప్పుడు చివరి వరసలో కుర్చీ కిర్రుమంది.

హిరియా నిలబడింది. చేతిలో కాగితం లేదు. దగ్గి మొదలుపెట్టింది. కొండ పేరు చెప్పింది. నది పేరు చెప్పింది. తల్లి పేరు చెప్పేచోట ఆగింది, నాన్ తన కర్రతో నేల మీద ఒక్కసారి తట్టింది, మళ్లీ సాగింది. దీర్ఘాలు దీర్ఘాల్లా, పొట్టివి పొట్టివిగా, ఒక్కోటి తూచి పెట్టినట్టు పలికింది. ఇక చివరి మాట, వంటింట్లో శ్రమపడ్డ 'వేడి చేతుల' వాళ్లకి, వంటవాళ్లని మేం అలాగే అంటాం, కృతజ్ఞతలు చెప్పి కూర్చోవడమే.

మా భాషలో 'కెకె' అంటే కేకు. 'కేకే' అని సాగదీస్తే చంక. ఇంత మంచి చంకలు మాకు పెట్టినందుకు అమ్మలకి దండాలు అంది హిరియా, స్పష్టంగా, ఇల్లంతా వినబడేలా.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కుయినీ తన చెయ్యి పైకెత్తి, చంకలోకి తొంగి చూసుకుంది. ఇల్లు పగలబడి నవ్వింది. ఇక కూర్చుంటుంది, మళ్లీ లేవదు అనుకున్నాను. అడ్డుపడి ఏదో చెప్పాలని లేచాను కూడా.

హిరియా నా వైపు చెయ్యి చాపి ఆపింది. తను కూడా నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటూ, మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడి.

"కూర్చోండి ఆంటీ," అంది, మా భాషలోనే. "ఈ తప్పు మీది కాదు. ఇది నా సొంతం."

నవ్వులు ఆగేదాకా నిలబడే ఉంది. తర్వాత కెకె అని పొట్టిగా పలికి, మొదలుపెట్టిన మాట పూర్తి చేసి కూర్చుంది.